పదమూడో ప్రశ్న ఎవరినడగాలి

పదవీ విరమణ అనే మాటకి నా వయసు చాలదు. ముప్పై ఆరేళ్లకి ఎవరూ రిటైర్ అవరు. అయినా ఆ పని నుంచి నేను పూర్తిగా బయటికి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళేది లేదు. కాబట్టి ఇది రిటైరైనవాడి రాతే అనుకోండి.

ఇప్పుడు నేనొక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటున్నాను. కిందటి నెల మా దగ్గర చదివిన ఇద్దరు కుర్రవాళ్ళకి విశాఖపట్నంలో ఆసుపత్రుల్లో, మెదడు జబ్బుల విభాగంలో ఉద్యోగాలొచ్చాయి. నేను పదేళ్లు చేసిన పనే. "సార్, ఆ పనిలో ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు. మిషన్ల సంగతి పుస్తకంలో ఉంటుంది, చదువుకోండి అన్నాను. పుస్తకంలో లేనిది ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ప్రోత్సహించే మాటలు ఇందులో దొరకవు.

పని ఇదీ

పార్కిన్సన్ జబ్బులో మెదడు లోపల ఒక రకం కణాలు కొంచెం కొంచెంగా చచ్చిపోతాయి. అవి తయారుచేసే రసాయనం తగ్గిపోతుంది. చెయ్యి వణుకుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, ప్రతి పనీ నెమ్మదిస్తుంది. బిళ్ళలు కొన్నేళ్లు బాగా పనిచేస్తాయి. తరవాత బిళ్ళ వేసుకున్న గంటన్నర మనిషి మనిషిలా తిరుగుతాడు, మిగతా వేళ కొయ్యబారి కూర్చుంటాడు. అలాంటివాళ్ళలో కొందరికి, అందరికీ కాదు, పుర్రెకి చిన్న రంధ్రం చేసి, సేమ్యా పోగంత తీగని మెదడు లోతుల్లోకి దింపుతారు. కొన్నాళ్ళకి ఛాతీలో చర్మం కింద బ్యాటరీ పెట్టి, మెడ లోపలినుంచి వైరు లాగి ఆ తీగకి కలుపుతారు. సన్నటి కరెంటు ఆగకుండా వెళుతుంది. వణుకు ఆగుతుంది.

నా పని మూడు ముక్కలు. ఆపరేషన్‌కి ముందు కొలతలు తీయడం, ప్రశ్నల జాబితా నింపడం. ఆపరేషన్ జరుగుతుంటే, రోగి మెలకువగానే ఉంటాడు కాబట్టి, కరెంటు అర వోల్టు చొప్పున పెంచుతూ చెయ్యి, మాట, చూపు ఎలా మారుతున్నాయో డాక్టర్లకి చెప్పడం. ఆ తరవాత బ్యాటరీని సరిచేయడం.

కొలతలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. వేళ్ళు ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు ఆడాయి, కుర్చీలోంచి లేచి గోడ దాకా వెళ్ళిరావడానికి ఎంతసేపు పట్టింది, తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశాడు, అన్నీ గళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసేవాణ్ణి. నా కాగితాల్లో ఒక్క గడి కూడా ఖాళీ ఉండేది కాదు. అది నా గర్వం. ఈ రాత అంతా ఆ గర్వం గురించే.

సందు

మా పెద్ద డాక్టరు గారు మితభాషి. తిట్టడంలో మాత్రం కాదు. తీగ దారి నిర్ణయించడానికి స్కాన్ ముందు కూర్చుని గంటలకి గంటలు చూసేవారు. ఒకరోజు నేను తొందరపడి, "సార్, గురి దొరికింది కదా, ఇంకా ఏం వెతుకుతున్నారు?" అన్నాను.

"గురి ఎవడికైనా దొరుకుతుందయ్యా. నేను వెతుకుతున్నది సందు. మెదడు నిండా రక్తనాళాలు. చింతచెట్టు కొమ్మల్లోంచి పైన కాయ తెగకుండా, ఆకు కదలకుండా కర్ర దూర్చాలి. నాళానికి తగిలామా, అయిపోయింది."

"తగలకుండా వెళతాం కదా సార్."

"స్కాన్లో కనిపించేవాటికి తగలం. కనిపించనివి వెయ్యి ఉంటాయి. అవి మంచి నాళాలైతే కర్ర తగిలినా పక్కకి జరుగుతాయి. ఏళ్ల తరబడి బీపీకి గట్టిపడ్డ నాళాలు జరగవు. చిట్లుతాయి."

ఆయన దగ్గర నేను తిన్న మొదటి పెద్ద తిట్టు కూడా రక్తనాళాల గురించే. నెలకోసారి పాడేరులో క్యాంపు పెట్టేవాళ్ళం. చింతపల్లి వైపు మిరియాల తోటల్లో పనిచేసే ఒకామె వచ్చింది. గడప దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతున్నాయి, బొంగరం ఆగిపోయే ముందు తిరిగినట్టు చిన్న చిన్న అడుగులు. నేను కొలతలన్నీ తీసి, మార్కులు వేసి, 'ఆపరేషన్‌కి పరిశీలించవచ్చు' అని రాశాను. డాక్టరు గారు ఆమె చేతులు చూశారు. వణుకు లేదు. రెండు చేతులకీ బీపీ చూశారు. "నడక మెల్లమెల్లగా పాడైందా అమ్మా, లేకపోతే ఒక్కోసారి ఒక్కో మెట్టు దిగినట్టా?" అని అడిగారు. మెట్లు మెట్లుగానే అందామె. పోయిన దీపావళికి ఒకసారి, వానల్లో ఒకసారి.

ఆమె వెళ్ళాక నా వైపు తిరిగారు. "నీ మార్కులన్నీ సరిగ్గానే ఉన్నాయి. జబ్బే వేరు. లోపల సన్న నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతూ వచ్చాయి. అచ్చం పార్కిన్సన్ లాగే కనిపిస్తుంది. ఈవిడకి తీగ పెడితే తల్లో తీగ ఉంటుంది, కాళ్ళకి నడక రాదు. బీపీ ఎన్నేళ్లుగా ఉందో ఒక్క ముక్క అడిగావా?"

అడగలేదు. నా జాబితాలో అప్పటికి ఆ ప్రశ్న లేదు. మర్నాడే చేర్చాను. జాబితా అలా పెరిగి పందొమ్మిది ప్రశ్నలైంది. తప్పు జరిగినప్పుడల్లా ఒక ప్రశ్న చేర్చితే చివరికి తప్పులు అయిపోతాయని నేను నిజంగానే నమ్మాను.

సోమన్న మాస్టారు

పెదబయలు దాటి, జీపు దిగి, గంట నడిస్తే వచ్చే ఊరు. కిల్లో సోమన్న మాస్టారు అక్కడ పుట్టి, ఏజెన్సీ టీచరై, అక్కడే ఒంటి టీచరు బడి నడిపేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా వెదురు కర్రలా ఉండేవారు. పిల్లలకి ముందు వాళ్ళ ఇంటి భాషలో చెప్పి, తరవాత అదే మాట తెలుగులో చెప్పి, తరవాత రాయించేవారు. ఆ కొండమీద అలా చెప్పగలిగినవాడు మరొకడు లేడు. ఆయన రాకముందు ఆ బడికి వచ్చిన టీచర్లెవరూ వర్షాకాలం దాటి ఉండలేదట.

జబ్బు కుడిచేత్తో మొదలైంది. బోర్డు మీద అక్షరాలు చిన్నవైపోయాయి. వెనక బల్లవాళ్ళకి కనిపించవు. ఆరో ఏడుకి పొద్దున్న రెండు గంటలు తప్ప బడిలో నిలబడలేని స్థితి. పైవాళ్ళు మెడికల్ బోర్డుకి పంపుతామన్నారు. పనికిరాడని తేలితే ఉద్యోగం పోతుంది, ఆయన పోతే బడి పోతుంది. క్యాంపులో మొదటిసారి మాతో అన్నమాట అదే.

"నాకు నడక వద్దు డాక్టరు గారూ. కుర్చీలో కూచుని చెప్తాను. ఈ సెయ్యి ఒక్కటీ నిలబెట్టండి, బోర్డు మీద రాయాలి."

డాక్టరు గారు ఆయన్ని ఏడాది చూశారు. బిళ్ళతో బాగా తేరుకుంటున్నాడు, అంటే తీగతో కూడా తేరుకుంటాడు. జ్ఞాపకం బాగుంది. చిక్కు ఒక్కటే, బీపీ. ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలీదు, అంతకుముందు ఎవరూ చూడలేదు. మందులు మొదలుపెట్టి ఆర్నెల్లు అదుపులో ఉంచాక గానీ డాక్టరు గారు ఒప్పుకోలేదు. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఖర్చుకి అనుమతి కాగితం వచ్చింది. ముందు మెదడులో ఎడమ వైపు తీగ, కుడిచెయ్యిని నడిపేది అదే. అది కుదిరితే రెండో వైపు.

జాబితా బాబు

ఆపరేషన్‌కి మూడు వారాల ముందు నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. బ్యాటరీ పెట్టాక మనిషి ఎలాంటి ఇంట్లో ఉంటాడో, ఫోను ఎంత దూరమో చూసుకోవడం కూడా నా పనే. ప్రశ్నల జాబితా కూడా అక్కడే నింపేద్దామని పట్టుకెళ్ళాను. ఘాట్ రోడ్డులో జీపు వెనకాల వేలాడుతూ ప్రయాణం, ఆపైన ఎండలో నడక. వెళ్ళేసరికి నా తల పగిలిపోతోంది.

మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య గాసమ్మ చోడంబలి, అంటే రాగి జావ, కాస్తోంది. నా ముఖం చూసి, "ఏటి బావూ, తల నొత్తందేటి?" అని అడిగింది.

"జీపు వల్లమ్మా. తగ్గిపోతుంది."

"తగ్గీదాకా ఎందుకూ?" అని గోడకి తగిలించిన గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీసింది. సంతలో పట్టీని కత్తిరించి ఒక్కొక్కటిగా అమ్ముతారు, పేరున్న ముక్క ఎవరి వంతుకో పోతుంది. తెల్ల బిళ్ళ, మధ్యలో గీత. "ఏసుకో. బేగి తగ్గిపోద్ది. ముంచింగిపుట్టు సంత బిళ్ళ."

వేసుకున్నాను. నాలుక మీద పుల్లగా కరిగింది. ఆ పులుపు నాకు తెలుసు. యాస్పిరిన్ అని మనసులో అనుకున్నాను కూడా. ఆవిడిచ్చిన నీళ్ళు తాగాను. పావుగంటకి తల తేలికైంది. అప్పుడు పెన్సిలు తీసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని మాస్టారి ఎదురుగా కూర్చున్నాను.

"మళ్ళీ మొదలా?" అన్నారాయన. "జాబితా బాబూ, మా ఊళ్ళో మంత్రం వేసే గురువుకి కూడా ఒక జాబితా ఉంటాది తెలుసా? నల్లకోడి, ఎర్రకోడి, గుడ్డు, సారా. నీ జాబితాలో కోడి లేదు, అంతే తేడా."

"కోడి కావాలంటే చేరుస్తాను మాస్టారూ. ఏ రంగు?"

"ఇంకొక తేడా ఉంది. మా గురువు జబ్బుమనిషిని ఏమీ అడగడు. వాడికేటి తెలుసు అంటాడు. ఇంట్లో ఎవరు వండేరు, ఎవరు పెట్టేరు, నీళ్ళు ఏ ఊటవి, ఆళ్ళనడుగుతాడు. జబ్బుమనిషి మూలకి పడుంటాడు."

గాసమ్మ అంబలి కలుపుతూ, "మరి ఆ గురువు దగ్గర మూడేళ్లు తిరిగి ఎన్ని కోళ్ళు కోయించేవు? ఒక్కటైనా నీ సెయ్యి ఆపిందేటి?" అని ఎత్తిపొడిచింది.

"కూర బాగుండేది గదే," అన్నారు మాస్టారు. ముగ్గురం నవ్వాం.

ఆ తరవాత ప్రశ్నలు. ఆయన చదువుకున్న మనిషి. ప్రతిదానికీ ఆలోచించి, లెక్కగా జవాబు చెప్పారు. బీపీ బిళ్ళ ఏ పూట, పార్కిన్సన్ బిళ్ళ ఎన్నింటికి, అన్నీ కాగితం చూడకుండా చెప్పారు. అలాంటి రోగి నాకు అరుదుగా దొరికేవాడు. పదమూడో ప్రశ్న ఇది: "రక్తాన్ని పలచబరిచే మందులు ఏవైనా వాడుతున్నారా? వాడితే పది రోజుల ముందు ఆపాలి."

"లేవు," అన్నారు.

లేవు అని రాశాను. నోట్లో పులుపు ఇంకా ఉంది. గాసమ్మ మాకు మూడడుగుల దూరంలో ఉంది. సంచి ఆవిడ తల వెనక గోడకే వేలాడుతోంది. మాస్టారు చదివినవాడు, ఆవిడ చదవలేదు. నేను చదివినవాణ్ణి అడిగాను.

హాజరు

ఆపరేషన్‌కి మూడురోజుల ముందు ఆసుపత్రిలో చేర్చాం. గాసమ్మ కూడా వచ్చింది, అదే సంచితో. రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి. రక్తాన్ని గడ్డకట్టించే కణాల సంఖ్య బాగుంది. సంఖ్య బాగున్నా ఆ కణాలు పని మానేసి ఉండవచ్చు. యాస్పిరిన్ అదే చేస్తుంది. సంఖ్య ఆ విషయం చెప్పదు. కొత్తగా చేరేవాళ్ళు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఆపరేషన్ రోజు పొద్దున్న తలకి లోహపు చట్రం బిగించారు. మాస్టారు అద్దంలో చూసుకుని, "ఒంటెద్దు బండికి కాడి కట్టినట్టుంది," అన్నారు. తీగ దిగింది. బీపీ ఒకసారి పైకి లేచి, మందుతో దిగింది. నేను కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాను. అర వోల్టు. ఒకటి. ఒకటిన్నర. రెండు.

రెండు దగ్గర కుడిచెయ్యి ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు. ఆయన చెయ్యి పైకెత్తి చూసుకున్నారు. అట్ట మీద కాగితం పెట్టి, సుడి గీయమన్నాను. పెన్ను పట్టి లోపలినుంచి బయటికి, గీత గీతకి తగలకుండా గీశారు.

"జంతిక సుట్టీసేను జాబితా బాబూ. నూనె పెట్టు," అన్నారు. ఆపరేషన్ గదిలో అందరూ నవ్వారు. డాక్టరు గారు నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇక మాట పరీక్ష. కరెంటు ఎక్కువైతే మాట ముద్దగా వస్తుంది, అందుకని మాట్లాడిస్తూ ఉండాలి. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమన్నాను.

"లెక్కలొద్దు. హాజరు పిలుస్తాను. ఈరోజు బడికెళ్ళలేదు గదా," అని మొదలుపెట్టారు. "పాంగి బొంజుబాబు. కొర్రా లచ్చి. కొర్రా సుబ్బారావు. వంతాల దొంబు. గెమ్మెలి చిలకమ్మ. వంతాల..."

ఆగారు.

పేరు గుర్తురావడం లేదనుకున్నాను. "చెప్పండి మాస్టారూ, వంతాల?"

"వం," అన్నారు. మళ్ళీ "వం," అన్నారు. కరెంటు సున్నాకి తెచ్చాను. కరెంటు వల్లయితే వెంటనే మాట తిరిగి రావాలి. రాలేదు. కుడిచేతిలోంచి పెన్ను జారి కింద పడింది. పడిన చప్పుడు విన్నాను. డాక్టరు గారు అప్పటికే స్కాన్‌కి తీసుకెళ్ళమని అరుస్తున్నారు.

తీగ వెళ్ళిన దారి పొడుగునా రక్తం. స్కాన్లో తెల్లగా, కోడిగుడ్డంత.

సంచి

ఆయన చనిపోలేదు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచి తీశారు. కుడికాలూ కుడిచెయ్యీ పోయాయి. మాట పోయింది. ఆరోరోజు ఐసీయూ బయట బెంచీ మీద గాసమ్మ నన్ను పట్టుకుంది.

"బావూ, లోపలికెల్లి సూసేను. సెయ్యి ఒణకడం నేదు. అస్సలు నేదు. ఆపరేసను బాగానే అయినట్టు గదా?"

అది వణుకు తగ్గడం కాదు, చెయ్యే చచ్చిపోవడం. నేను నుదురు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, సంచిలో చెయ్యి పెట్టింది.

"తల నొత్తందేటి? నిద్దర్లేక. ఇదిగో, బిళ్ళ ఏసుకో."

తెల్ల బిళ్ళ, మధ్యలో గీత. అది నా అరచేతిలో పడేదాకా నాకు గుర్తు రాలేదు. వచ్చాక ఆ అరుగు, ఆ గోడ, నాలుక మీది పులుపు, అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"అమ్మా, ఇది మాస్టారికి కూడా ఇచ్చేదానివా?"

"రోజూ ఇత్తాను గదా. ఒళ్ళంతా బిగుసుకుపోయి రాత్తిరంతా మూలుగుతాడు మరి. పొద్దున్న అంబల్లో నలిపి ఏసీదాన్ని. బిళ్ళంటే ఆయనకి సిరాకు, అప్పటికే పదుంటాయి, అందుకని సెప్పీదాన్ని కాదు. ఇక్కడికొచ్చినాక గూడా ఏసేను."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్లయింది. అది మందేటి బావూ, ఒళ్ళునొప్పుల బిళ్ళ. మా ఊర్లో అందరూ ఏసుకుంతారు."

మాస్టారు నాతో అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలీదు. ఆవిడ దాచలేదు, ఆవిడని ఎవరూ అడగలేదు. అబద్ధమాడినవాళ్ళు లేరు, గడి ఖాళీ లేదు, జవాబు తప్పు.

డాక్టరు గారికి చెప్పాను. స్కాన్ మళ్ళీ తెప్పించి చూశారాయన. తరవాత, "దానివల్లే అని చెప్పలేం. బీపీ లేచింది. నాళాలు పాతవి. ఏమీ వాడనివాళ్ళకి కూడా ఇలా అవుతుంది," అన్నారు.

"దానివల్ల కాదని చెప్పగలమా సార్?"

"అదీ చెప్పలేం."

"ఫైల్లో రాయనా?"

"రాస్తే ఆవిడ ఇచ్చింది అని అవుతుంది. నువ్వు అడగలేదు అని కాదు. ఆలోచించుకో." ఆయన చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పిన మనిషి. కానీ నా భుజం మీద చెయ్యి వేసి ఆ మాట అన్నప్పుడు, నన్ను కాపాడుతున్నాడో, ఆవిడనో, తననో నాకు తెలియలేదు. నేను రాయలేదు. ఆ ఫైల్లో పదమూడో గడిలో ఇప్పటికీ 'లేవు' అనే ఉంది.

ఛాతీలో బ్యాటరీ పెట్టలేదు. తీగ తీస్తే మళ్ళీ రక్తం రావచ్చని లోపలే వదిలేశారు. దానికి నేను కరెంటు ఇచ్చింది ఆ ఒక్క పూటే, ఒక సుడి గీసి అయిదు పేర్లు పిలిచేంతసేపు.

తరవాత నేను ఏమయ్యాను

ఇంకో రెండేళ్లు చేశాను. జాబితా పందొమ్మిది నుంచి నలభై దాటింది. రోగిని అడిగేవాణ్ణి, భార్యని అడిగేవాణ్ణి, కోడల్ని అడిగేవాణ్ణి, విడివిడిగా అడిగి పోల్చేవాణ్ణి. సంచులు విప్పి చూపించమనేవాణ్ణి. అరకు నుంచి వచ్చిన ఒక ముసలాయన కొడుకు, "మేమేటి దొంగతనం సేసేమా?" అని గొడవకొచ్చాడు. డాక్టరు గారు కూడా పిలిచి, రోగుల్ని భయపెడుతున్నావన్నారు. నిజమే. ఒకసారి అడిగిన ప్రశ్నే నాలుగోసారి అడుగుతున్నానని నాకే తెలిసేది, ఆపలేకపోయేవాణ్ణి. ఎవరు ఏ జవాబు చెప్పినా నాకు నమ్మకం కలగలేదు. నమ్మకం లేనివాడు ఆ గదిలో ఉండకూడదు. మానేశాను.

నా తరవాత వచ్చినతను నా పాత జాబితానే టైపు చేయించాడు. పందొమ్మిది ప్రశ్నలు. పైన 'రోగి జవాబులు' అని ఉంటుంది. ఆ మాట మార్చమని రెండుసార్లు కబురు పెట్టాను. చూస్తామన్నారు.

మీరు చేరాక చేయగలిగింది ఒకటుంది. పెన్సిలు తీసేముందు, ఈ మనిషికి అన్నం పెట్టేదెవరు అని అడగండి. ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టండి. దీనివల్ల రక్తం చిమ్మడం ఆగుతుందని నేను చెప్పను. అన్నీ సరిగ్గా అడిగినా కొందరికి చిమ్ముతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి ఖర్చయ్యాడు, నేర్చుకున్నదాంతో ఒక్కరు బాగుపడ్డారని కూడా నాకు రుజువు లేదు.

చివరిసారి

ఉద్యోగం మానే ముందు ఒకసారి పెదబయలు వెళ్ళాను. ఎవరూ పంపలేదు. దారిలో బడి కనిపించింది. తలుపుకి తాళం, అరుగు మీద ఎవరో చోళ్ళు ఆరబోశారు. పిల్లల్లో కొందర్ని దూరంగా ఆశ్రమ పాఠశాలలో చేర్చారట, మిగతావాళ్ళు మేకల వెంట వెళుతున్నారట.

మాస్టారు అరుగు మీద మంచంలో ఎండకి పడుకుని ఉన్నారు. నన్ను చూసి ఎడమచెయ్యి కొంచెం ఎత్తారు. గుర్తుపట్టారో, మనిషి వచ్చిన అలికిడికి ఎత్తారో తెలీదు. గాసమ్మ గిన్నెలో అంబలి పోసి, ఆయన పక్కన కూర్చుంది. సంచిలోంచి బిళ్ళ తీసి, గరిటె వెనకతో నలిపి, అందులో కలపబోయింది.

"అమ్మా, అది ఇవ్వకు," అన్నాను.

"ఏం బావూ? బుజం పట్టేసి రాత్తిరి ఏడుత్తన్నాడు. సెప్పుకోనేడు గదా, కల్లమ్మట నీలొచ్చేత్తన్నాయి."

"నొప్పికి వేరే బిళ్ళ తెచ్చాను. ఇది రక్తాన్ని పలచన చేస్తుంది. తల్లో రక్తం చిమ్మిన మనిషికి ఇవ్వకూడదు."

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. గిన్నె దూరంగా జరిపింది. కోడిపిల్లలు వచ్చి కిందపడిన పొడిని పొడిచి వెళ్ళిపోయాయి.

"ఇప్పుడియ్యకూడదు," అంది. "మరి ఆపరేసనుకి ముందో?"

వాళ్ళింటికి వచ్చే దారంతా నేను తయారుచేసుకున్న జవాబులు మూడున్నాయి. మూడూ వదిలేశాను.

"అప్పుడూ ఇవ్వకూడదమ్మా. నేను అడగాల్సింది. నిన్ను అడగలేదు."

ఆవిడ అరవలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మాస్టారి మూతి పైటచెంగుతో తుడిచి, అంది:

"నువ్వడిగితే సెప్పనేటి బావూ? నీకూ ఇచ్చేను గదా."

మాస్టారు నా వైపే చూస్తున్నారు. ఆయనకి ఎంత అర్థమైందో కొలిచే పరీక్ష నా దగ్గర లేదు. అంబలి పారబోసి, ఆవిడ మళ్ళీ కాచింది. నేను తెచ్చిన బిళ్ళలు ఇచ్చి, ఎన్ని, ఎప్పుడు, ఆవిడకే చెప్పాను. రెండుసార్లు నాకు తిరిగి అప్పజెప్పింది, ఒక్క తప్పు లేకుండా.

జీపు వేళయిందని లేచాను. ఎండలో నడిచి వచ్చిన తల పగిలిపోతోంది. అరుగు దిగుతుంటే ఆవిడ నా ముఖం చూసింది. అలవాటుగా చెయ్యి సంచి దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"తల నొత్తందేటి బావూ?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.